సూర్యుడు మనకు అన్నా, తమ్ముడా? (అస్సీసి ఫ్రాన్సిస్ సృష్టిగీతం తెలుగులో)

గట్టుమీది చింత · 6 సెప్టెంబర్ 2025, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర చిక్కుపడ్డాను, సాయం కావాలి.

మా విచారణలో (పారిష్‌లో) ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు సత్యోపదేశం చెబుతాను. అక్టోబర్ 4న పునీత అస్సీసి ఫ్రాన్సిస్ పండుగ. ఆయన ఇటలీలోని అస్సీసి ఊరి సాధువు. సూర్యచంద్రులనూ నీళ్లనూ నేలనూ తోబుట్టువులని పిలుస్తూ దేవుణ్ణి స్తుతించే సృష్టిగీతం ఆయన కట్టి ఈ ఏడాదికి 800 ఏళ్లు. పండుగ రోజు పిల్లల చేత ఆ గీతం చెప్పిద్దామని ఫాదర్‌గారు అన్నారు. నా దగ్గర ఉన్న కాగితంలో "సహోదరుడైన సూర్యుని నిమిత్తము, సహోదరియైన చంద్రుని నిమిత్తము" అని ఉంది. మొదటి రోజే ఏడో తరగతి పాప చెయ్యెత్తింది. "టీచర్, సూర్యుడు మనకు అన్నా, తమ్ముడా?" వెనక నుంచి ఇంకొకడు, "చంద్రుడు మామ కదా టీచర్, సహోదరి ఎట్లా అవుతాడు?"

ఇద్దరికీ జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఇవి చిన్న ప్రశ్నలు కావనిపించింది. మన ఇళ్లల్లో అన్నతో మాట్లాడే తీరు వేరు, తమ్ముడితో వేరు. అన్నకు ఎదురు చెప్పడానికి వెనకాడతాం, తమ్ముడికి పని పురమాయిస్తాం. సూర్యుణ్ణీ నీళ్లనూ నేలనూ ఏమని పిలుస్తామో దాన్నిబట్టే వాటితో మన నడత ఉంటుంది కదా. మూలంలో ఏముందో తెలిసినవాళ్లు చెప్పగలరా?

పాత మాస్టారు · 6 సెప్టెంబర్, రాత్రి 10:25

అమ్మా, ఆ పాప అడిగింది తెలుగు భాషనే అడగాల్సిన ప్రశ్న. వయసు చెప్పకుండా తోడబుట్టినవాణ్ణి పిలవడానికి మనకు వాడుక మాట లేదు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. ఈ నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాల్సిందే. సోదరుడు, సహోదరుడు సంస్కృతం నుంచి వచ్చినవి. సభల్లోనూ ప్రార్థనల్లోనూ వింటాం గానీ ఇంట్లో ఎవరం అలా పిలుచుకోం.

అచ్చ తెలుగులో ఒక మంచి మాట మాత్రం ఉంది. తోబుట్టువు. తోడుగా పుట్టినది. సృష్టి అంతా ఒకే తండ్రి చేతిలోంచి వచ్చిందని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి మాట నాకు తట్టడం లేదు. అయితే దాన్ని పిలుపుగా వాడలేం. "తోబుట్టువా, ఇటు రా" అని ఎవరూ అనరు. గీతమంతా పిలుపుల మీదే నడుస్తుంది కాబట్టి అదొక ఇబ్బంది.

టైబర్ ఒడ్డు · 7 సెప్టెంబర్, తెల్లవారుజామున 2:40

నేను ఇటలీలో ఉంటున్నాను, తొమ్మిదేళ్లయింది. అస్సీసికి నాలుగుసార్లు వెళ్లాను. తెలిసినంత చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

గీతం లాటిన్‌లో కాదు, ఉంబ్రియా ప్రాంతపు వాడుక భాషలో ఉంది. అస్సీసి సంతలో మాట్లాడుకునే భాష. సూర్యుణ్ణి "మెస్సోర్ లో ఫ్రాతే సోలె" అంటాడు ఫ్రాన్సిస్. ఫ్రాతే అంటే సోదరుడు. మెస్సోర్ అంటే అయ్యగారు, దొరగారు లాంటి గౌరవపు మాట. గీతంలో ఆ గౌరవం దక్కింది సూర్యుడికి ఒక్కడికే. చంద్రుడు, నక్షత్రాలు, నీరు, నేల, చావు సోదరీమణులు. గాలి, నిప్పు సోదరులు. వాళ్ల భాషలో చంద్రుడు స్త్రీలింగం, అందుకే సోదరి. మీ పిల్లవాడు అడిగిన దానికి జవాబు అదే.

ఇది రాసిన పరిస్థితి కూడా పిల్లలకు చెప్పండి. 1219లో ఈజిప్టు వెళ్లి సుల్తాన్ అల్-కామిల్‌ను కలిసి వచ్చినప్పటి నుంచి ఆయనకు కళ్ల జబ్బు. 1225లో శాన్ దమియానో మఠం దగ్గర చాపలతో కట్టిన చిన్న గదిలో పడుకుని ఉన్నాడు. యాభై రోజులకు పైగా పగలు ఎండ వెలుతురు, రాత్రి దీపం వెలుతురు భరించలేకపోయాడని ఆయన సహచరుల జ్ఞాపకాల్లో ఉంది. ఎలుకలు ఒంటి మీద పాకేవి, నిద్ర ఉండేది కాదు. అలాంటి ఒక రాత్రి గడిచాక పొద్దున్నే లేచి ఈ గీతం చెప్పాడు. సూర్యుణ్ణి చూస్తే కళ్లు మండే మనిషి "అందమైనవాడు, గొప్ప కాంతితో వెలిగేవాడు, నీ పోలిక మోసేవాడు" అన్నాడు. ప్రకృతి గురించి హాయిగా కూర్చుని రాసిన కవిత్వం కాదు ఇది. సూర్యుడి వల్ల తనకు ఏ సుఖమూ లేని రోజుల్లో సూర్యుణ్ణి పొగిడాడు.

ఇక అన్నా తమ్ముడా అన్నది. ఉంబ్రియా మాటలో ఆ తేడా లేదు. కానీ ఆయన మిగతా రాతల్లో ఒక ఆధారం ఉందని నాకనిపిస్తుంది. డ్యూటీకి టైమైంది, సాయంత్రం రాస్తాను.

సందేహి · 7 సెప్టెంబర్, ఉదయం 8:15

నేను కతోలికుణ్ణి కాను, పర్యావరణం మీద ఆసక్తితో చదువుతున్నాను. నిజాయితీగా ఒక సందేహం అడుగుతాను, నొప్పించడానికి కాదు. ఫ్రాన్సిస్ అంటే పక్షులకు బోధ చేసిన మృదువైన సాధువు బొమ్మే అందరూ చూపిస్తారు. కానీ ఆయన మాంసం మానలేదు. క్రిస్మస్ రోజు గోడలు కూడా మాంసం తినాలి, తినలేవు కాబట్టి కనీసం పూయండి అన్నాడట. గొర్రెపిల్లను చంపిన పందిని శపించాడట. ఇవి ఆయన జీవిత చరిత్ర రాసిన తొలి రచయిత తోమా చెలానో చెప్పినవే. మరి ఇలాంటి మనిషిని ఈనాటి పర్యావరణ ఉద్యమానికి పెద్దగా నిలబెట్టడం సబబేనా?

ఇంకొకటి. "భూమిని లోబరచుకొనుడు" అన్న బైబిల్ వాక్యం ముందు ఈ గీతం నిలుస్తుందా?

ఏరువాక · 7 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:30

మేం హిందువులం, వ్యవసాయం చేస్తాం. ఫ్రాన్సిస్ గురించి నాకు తెలిసింది తక్కువ. ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు.

మా నాయన నాగలి కట్టే ముందు వంగి మట్టి తాకి కళ్లకద్దుకునేవాడు. మా అమ్మ పొద్దున లేచి కాలు కింద పెట్టే ముందు భూదేవిని మన్నించమని అడుగుతుంది. మాకు నేల అమ్మ. అక్క అని ఎప్పుడూ అనలేదు. మీ సాధువు ఏమన్నాడు, అక్క అనా, అమ్మ అనా?

టైబర్ ఒడ్డు · 7 సెప్టెంబర్, రాత్రి 11:05

ఏరువాక గారూ, రెండూ అన్నాడు. "సోరా నోస్త్రా మాత్రే తెర్రా". మా సోదరి, మా తల్లి అయిన నేల. ఒకే ఊపిరిలో రెండూ. ఆ తర్వాతి మాటలు ఇంకా ముఖ్యం. "లా క్వాలె నే సుస్తెంతా ఎత్ గోవెర్నా." మనల్ని పోషిస్తుంది, మనల్ని ఏలుతుంది. మనం నేలను ఏలడం కాదు, నేలే మనల్ని ఏలుతుంది. 1225లో అన్న మాట ఇది. ఆ తర్వాత రంగురంగుల పూలూ గడ్డీ వస్తాయి. పండ్లతో ఆపలేదు ఆయన. గడ్డిని కూడా లెక్కలోకి తీసుకున్నాడు.

పొద్దున ఆధారం ఉందన్నాను కదా. ఫ్రాన్సిస్ స్వయంగా చెప్పి రాయించినవిగా మనకు మిగిలినవి కొన్నే. వాటిలో 28 చిన్న హితబోధలు ఉన్నాయి. ఐదో దాంట్లో మనిషిని ఉద్దేశించి, ఆకాశం కింద ఉన్న ప్రాణులన్నీ తమ స్వభావాన్ని బట్టి సృష్టికర్తను నీకన్నా బాగా సేవిస్తాయి, ఎరుగుతాయి, ఆయనకు లోబడతాయి అంటాడు. "నీకన్నా బాగా" అన్నది గమనించండి. ఇంకొకటి సుగుణాలకు చెప్పిన వందనం. అందులో విధేయత గురించి రాస్తూ, అది మనిషిని లోకంలోని మనుషులందరికే కాదు, పశువులకూ అడవి జంతువులకూ లోబడేలా చేస్తుంది అంటాడు. పైనుంచి ప్రభువు ఎంత అనుమతిస్తే అంతవరకు అవి తనను ఏమైనా చేసుకోవచ్చు అని.

సందేహి గారూ, మీ రెండో ప్రశ్నకు నేనైతే ఇదే చూపిస్తాను. లోబరచుకోవడం గురించి అందరూ మాట్లాడే కాలంలో లోబడడం గురించి మాట్లాడాడు ఆయన. తన సన్యాసుల సభకు పెట్టిన పేరు కూడా అదే చెబుతుంది. ఫ్రాత్రెస్ మినోరెస్. చిన్న సోదరులు. తెలుగులో ఒక్క మాటలో చెప్పాలంటే తమ్ముళ్లు!

అందుకని నా ఓటు అన్నకూ అక్కకే. తనను తాను చిన్నవాడని పిలుచుకున్న మనిషికి సూర్యుడు తమ్ముడు కాలేడు.

నైట్‌డ్యూటీ · 8 సెప్టెంబర్, ఉదయం 6:20

నర్సుని, షిఫ్ట్ దిగి చదువుతున్నాను. తమ్ముళ్లు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లుగా ఆ సభ సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకున్నాను, ఆ పేరును ఎప్పుడూ అలా వినలేదు.

పాత మాస్టారు · 8 సెప్టెంబర్, ఉదయం 7:45

టైబర్ ఒడ్డు గారి తర్కం బాగుంది. ఇంకా సులువైనది పిల్లలకు ఆదికాండం మొదటి అధ్యాయంలోనే ఉంది. మూడో రోజు నేల ఆరి చెట్టూ చేమా మొలిచాయి. నాలుగో రోజు సూర్యచంద్రులు. ఆరో రోజు చివర మనిషి. ముందు పుట్టినవాడు అన్న, వెనక పుట్టినవాడు తమ్ముడు. ఆ పాపకు చెప్పండమ్మా, మనం ఈ ఇంటికి కడగొట్టు బిడ్డలం అని.

నా పాత విద్యార్థుల్లో కొందరు "లోబరచుకొనుడు" అన్న ఒక్క మాటే పట్టుకుని అడుగుతుంటారు. ఆ మాట ఉన్నది 28వ వచనంలో. దానికి ముందు 27 వచనాలున్నాయి.

సందేహి · 8 సెప్టెంబర్, ఉదయం 9:30

ఒప్పుకుంటున్నాను, ఆ హితబోధ నాకు తెలియదు. నేను 1967లో సైన్స్ పత్రికలో చరిత్రకారుడు లిన్ వైట్ రాసిన వ్యాసం నుంచి ఈ విషయంలోకి వచ్చాను. ప్రకృతి మనిషి వాడుకోవడానికే ఉందన్న పడమటి క్రైస్తవ ఆలోచనలోనే ఈనాటి సంక్షోభానికి వేళ్లున్నాయన్నది ఆయన వాదం. దాని మీద చాలా గొడవ జరిగింది. కానీ వ్యాసం చివరికొచ్చేసరికి ఆయనే ఫ్రాన్సిస్ వైపు తిరిగి, పర్యావరణ శాస్త్రానికి ఈయన్ని పాలక పునీతుడిగా, అంటే ఆ రంగాన్ని కాచే సాధువుగా పెట్టుకుందాం అంటాడు. 1979 నవంబర్ 29న జగద్గురువు (పోపు) రెండో జాన్ పాల్ నిజంగానే అలా ప్రకటించారు. విమర్శించినవాడే సూచించిన పేరు అది. అందుకే ఆయన రాతల్లో నిజంగా ఏముందో తెలుసుకోవాలనిపించి అడిగాను.

టైబర్ ఒడ్డు · 8 సెప్టెంబర్, సాయంత్రం 6:50

పంది కథా మాంసం కథా ఉన్నాయి, దాచిపెట్టాల్సిన అవసరం లేదు. ఆయన 13వ శతాబ్దపు మనిషి. క్రిస్మస్ నాడు గోడల గురించి అన్నచోటే ఇంకొకటీ ఉంది. చక్రవర్తిని కలవగలిగితే, ఆ పండుగ రోజు దారుల మీద పక్షులకు, ముఖ్యంగా భరతపక్షులకు గింజలు చల్లాలని, ఎద్దులకూ గాడిదలకూ కడుపునిండా మేత పెట్టాలని చట్టం చేయమని అడుగుతాను అన్నాడు. పండుగ అంటే అందరూ తినాలి, అది ఆయన లెక్క.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే. ఈ గీతంలో ఒక్క జంతువు లేదు. పక్షి లేదు, తోడేలు లేదు, గొర్రెపిల్ల లేదు. సూర్యుడు, చంద్రుడు, గాలి, నీరు, నిప్పు, నేల. మనం ముద్దు చేయలేనివి, మన వైపు తిరిగి చూడనివి. వాటిని బంధువులని పిలవడం జింకపిల్లను పిలిచినంత తేలిక కాదు.

వాగు పక్కిల్లు · 9 సెప్టెంబర్, రాత్రి 8:40

నాలుగు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా ఇల్లు ఒక వాగు పక్కన. పైన ఫ్యాక్టరీలు ఉన్నాయి. చిన్నప్పుడు ఆ వాగులో చేతులతో చేపలు పట్టాం. ఇప్పుడు వానాకాలంలో కూడా నురగ తేలుతుంది, రాత్రిపూట వాసనకు కిటికీలు మూసుకుంటాం. ఎన్నిసార్లు అర్జీ పెట్టామో లెక్కలేదు.

నేనూ కతోలికుణ్ణే. నీళ్ల గురించి ఆ గీతంలో నాలుగు మాటలున్నాయి కదా. ఉపయోగపడేది, అణకువైనది, వెలకట్టలేనిది, నిర్మలమైనది. మొదటి మూడూ చెప్పగలను. నాలుగోది మా వాగు ముందు నిలబడి చెప్పలేను. నోరు రాదు.

అందరూ అక్క అంటున్నారు. నాకు మాత్రం చెల్లి అనిపిస్తుంది. చెల్లికి అన్యాయం జరిగితే ఇంట్లో మగపిల్లలు ఊరుకుంటారా? అక్క అంటే మనకన్నా పెద్దది, తన సంగతి తాను చూసుకుంటుందిలే అనుకుంటాం. చెల్లి అంటేనే మనకు బాధ్యత.

గట్టుమీది చింత · 9 సెప్టెంబర్, రాత్రి 10:15

వాగు పక్కిల్లు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మాస్టారు, టైబర్ ఒడ్డు గారు చెప్పినవి విని అక్క అని నిర్ణయించేసుకున్నాను. ఇప్పుడు మళ్లీ తెలియడం లేదు.

నైట్‌డ్యూటీ · 10 సెప్టెంబర్, ఉదయం 7:00

మా అక్క గురించి చెబుతాను.

మేం ఐదుగురం. మా అక్క ఐదో తరగతిలో బడి మానేసింది. నాన్న పోయాడు, అమ్మ కూలికి వెళ్లేది. నీళ్లు మోసి, అన్నం వండి, మా నలుగురికీ తల దువ్వి బడికి పంపింది తనే. నేను నర్సింగ్ చదివింది అక్క కూలి డబ్బులతో. ఎప్పుడూ తనకిది కావాలని అడగలేదు. ఉపయోగపడేది, అణకువైనది, వెలకట్టలేనిది. ఆ మూడు మాటలు చదవగానే నాకు మా అక్క ముఖమే కనిపించింది.

మేమందరం స్థిరపడ్డాక అక్కను ఎవరం పట్టించుకున్నాం? తన సంగతి తాను చూసుకుంటుందిలే అనుకున్నాం. మీరన్న మాటే. నడుం వంగిపోయి, మందులు కొనుక్కోలేక ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నా దగ్గరే ఉంది.

చెల్లిని కాపాడినప్పుడు మనం చేసింది గొప్ప పని అనిపిస్తుంది. అక్కను చూసుకుంటే అది తీర్చాల్సిన బాకీ. మీ వాగు మీకు చెల్లి కాదనుకుంటాను. మీ తాతల నుంచి మిమ్మల్ని సాకింది అదే కదా.

వాగు పక్కిల్లు · 10 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:10

చదివాను. ఏం రాయాలో తెలియడం లేదమ్మా. మీ అక్కగారికి నా నమస్కారం చెప్పండి.

ఏరువాక · 11 సెప్టెంబర్, రాత్రి 9:00

అమ్మ లేని ఇంట్లో అక్కే అమ్మ. నేలను అక్కా అనీ అమ్మా అనీ ఎందుకన్నాడో ఇప్పుడు అర్థమైంది నాకు.

ఆ సాధువు తోట గురించి ఏదైనా చెప్పాడా? రైతుకు పనికొచ్చేది ఉంటే చెప్పండి.

టైబర్ ఒడ్డు · 12 సెప్టెంబర్, ఉదయం 5:30

చెప్పాడండి. ఇవి ఆయన రాసినవి కావు, సహచరులు గుర్తుపెట్టుకుని రాసినవి. మఠం తోట చూసే సహోదరుడికి, నేలంతా కూరగాయలకే తవ్వొద్దు, కొంత వదిలెయ్యి, అక్కడ తమంతట తాము మొలిచే గడ్డీ పూలూ వాటి కాలంలో అవి పూయాలి అని చెప్పేవాడట. కట్టెలు కొట్టేవాళ్లకు చెట్టును మొదలంటా నరకొద్దు, మళ్లీ చిగురించే ఆశ దానికి మిగలాలి అన్నాడని చెలానో రాశాడు. రాళ్ల మీద నడవాల్సి వస్తే భయభక్తులతో నడిచేవాడు, బైబిల్లో పౌలుగారు క్రీస్తును రాయి అన్నారు కాబట్టి. చేతులు కడుక్కున్న నీళ్లు ఎవరి కాళ్ల కిందా పడని చోట కడుక్కునేవాడు. మీ అమ్మగారు పొద్దున చేసేది చదివినప్పుడు నాకు ఆ రాళ్లే గుర్తొచ్చాయి.

జగద్గురువు ఫ్రాన్సిస్ 2015లో రాసిన లౌదాతో సీ (నీకు స్తోత్రం) లేఖలో కూడా ఆ తోట సంగతి ఉంది. లేఖ పేరే ఈ గీతంలో మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి.

ఏరువాక · 12 సెప్టెంబర్, రాత్రి 8:20

తోటలో కొంత వదిలెయ్యి అన్న మాట మా ఊరికి సరిగ్గా తగులుతుంది.

పది రోజుల్లో బతుకమ్మ. గునుగు పువ్వు కోసం మా ఆడవాళ్లు ఇప్పుడు పక్క మండలం దాకా పోతున్నారు, లేదంటే సంతలో కొంటున్నారు. నా చిన్నతనంలో చేను గట్టు మీద, మెట్ట చేలల్లో ఎక్కడ చూసినా తెల్లగా గునుగే. ఎవరూ వేసేవాళ్లు కాదు. ఇప్పుడు కలుపు మందు చేనుకే కాదు, గట్టుకూ కొడుతున్నాం. నేనూ కొట్టాను. కూలీలు దొరకరు, మందు చవక. గట్టు ఎర్రగా మాడిపోయి ఉంటుంది. పువ్వు లేకపోతే తేనెటీగ ఎక్కడ వాలాలి? మా పక్క తోటలో దోస, గుమ్మడి పిందె నిలవడం లేదని బాధపడుతున్నారు, దానికి ఇది కూడా ఒక కారణం అని నా అనుభవం చెబుతుంది.

రెండు గట్లు ఈ ఏడాదికి వదిలేశాను. వచ్చే బతుకమ్మకు చూద్దాం.

పాత మాస్టారు · 13 సెప్టెంబర్, ఉదయం 7:10

ఇక "నిమిత్తము" అన్న మాట సంగతి. ఇది తేలకపోతే గీతం కుదరదు. మూలంలో ఏముందండీ?

టైబర్ ఒడ్డు · 13 సెప్టెంబర్, రాత్రి 11:45

మూలంలో "పెర్" అని ఉంది మాస్టారూ. దాని మీద పండితులు చాలా కాలంగా వాదించుకుంటున్నారు. నీటిని ఇచ్చినందుకు నీకు స్తుతి అనొచ్చు. నీటి ద్వారా స్తుతి అనొచ్చు. నీటి చేత స్తుతి అనీ అనొచ్చు. మొదటి అర్థంలో పాడేది మనం, నీళ్లు మనకందిన కానుక. చివరి అర్థంలో నీళ్లే పాడతాయి. బైబిల్లోని దానియేలు గ్రంథంలో అగ్నిగుండంలో ఉన్న ముగ్గురు యువకుల గీతం ఫ్రాన్సిస్‌కు బాగా తెలుసు. అందులో సూర్యచంద్రులారా, మంచూ వానా, స్తుతించండి అని నేరుగా పిలుపు ఉంటుంది. అందుకే కొందరు చివరి అర్థం వైపు మొగ్గుతారు.

పాత మాస్టారు · 14 సెప్టెంబర్, ఉదయం 6:30

రాత్రంతా ఆలోచించాను. తెలుగులో "వల్ల" ఉంది కదా. "వాన వల్ల పంట పండింది" అంటే వాన కారణం. "అది నా వల్ల జరిగింది" అంటే చేసినవాణ్ణి నేను. ఒకే మాట కారణాన్నీ చెబుతుంది, చేసినవాణ్ణీ చెబుతుంది. "నీళ్లక్క వల్ల నీకు స్తోత్రం." నీళ్లు ఇచ్చినందుకా, నీళ్లే చేస్తున్నాయా అన్నది వినేవాళ్లకు వదిలేయవచ్చు. ఇంత కాలపు వాదాన్ని మన పంచమీ విభక్తి అలాగే మోసుకొస్తుంది.

టైబర్ ఒడ్డు · 14 సెప్టెంబర్, ఉదయం 11:20

మాస్టారూ, ఇటాలియన్‌లో కూడా ఇంత బాగా కుదరదు. దండాలు.

గట్టుమీది చింత · 21 సెప్టెంబర్, సాయంత్రం 4:30

ఇవాళ పిల్లలతో కూర్చున్నాను. కడగొట్టు బిడ్డలం అన్నది వాళ్లకు వెంటనే ఎక్కింది. సూర్యుడు పెద్దన్నగారు అయ్యాడు, "గారు" వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. చంద్రుడి దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. చంద్రక్క అంటే "ఆయన మామ టీచర్" అనే అన్నారు. వదిలేశాను. ఫ్రాన్సిస్ గారు ఆకాశాన్ని చుట్టం చేసుకోమన్నారు. మా పిల్లలకు చందమామ ఎప్పుడో చుట్టమయ్యాడు.

ఇక చివరి చరణం, చావు గురించినది. ఇద్దరు తల్లులు వచ్చి చిన్నపిల్లల నోట ఆ మాట పలికించొద్దన్నారు. తీసేద్దామా అనుకుంటున్నాను.

నైట్‌డ్యూటీ · 22 సెప్టెంబర్, ఉదయం 6:45

తీసేయొద్దండి, ప్లీజ్. పిల్లల చేత చెప్పించకపోతే పెద్దవాళ్ల చేత చెప్పించండి. నేను పని చేసే వార్డులో చాలామంది చివరి రోజుల్లో ఉంటారు. భయం కన్నా ఎక్కువగా వాళ్లను బాధపెట్టేది, తమను ఈ లోకంలోంచి విడదీసి అవతల పారేస్తున్నారన్న భావం. చావును కూడా అదే ఇంటి పిల్లగా పిలిచాడు ఆయన. మట్టి అక్క అయితే మట్టిలోకి వెళ్లడం పరాయి చోటికి వెళ్లడం కాదు. ఆ చరణం లేకపోతే మిగతా గీతం కూడా సగమే అనిపిస్తుంది నాకు.

టైబర్ ఒడ్డు · 22 సెప్టెంబర్, రాత్రి 10:00

ఆ చరణం 1226లో, చనిపోయే ముందు కలిపినది. దానికి ముందు క్షమించేవాళ్ల చరణం ఒకటి ఉంది. అస్సీసి మేత్రాణులకూ (బిషప్‌గారికీ) నగర పాలకుడికీ గొడవ. మేత్రాణులు పాలకుణ్ణి వెలివేస్తే, పాలకుడు మేత్రాణులతో ఎవరూ కొనుగోలు అమ్మకాలు చేయొద్దని చాటింపు వేయించాడు. ఫ్రాన్సిస్ ఆ చరణం కట్టి సహోదరులను పంపి వాళ్ల ముందు పాడించాడు. ఇద్దరూ రాజీపడ్డారు. మనుషులు ఆ గీతంలోకి వచ్చేది అప్పుడే, క్షమించేవాళ్లుగా, బాధను ఓర్చుకునేవాళ్లుగా. అదీ తీసేయకండి.

రాగం మాత్రం మనకు దక్కలేదు. అస్సీసిలో ఉన్న పాత ప్రతిలో స్వరాల కోసం గీతలు గీసి ఖాళీగా వదిలేశారు. కాబట్టి మీ పిల్లలు ఏ బాణీలో పాడినా తప్పు లేదు.

వాగు పక్కిల్లు · 28 సెప్టెంబర్, రాత్రి 9:15

నాలుగో మాటకు ఏం పెట్టారు? నిర్మలమైనది అనే ఉంచారా?

గట్టుమీది చింత · 28 సెప్టెంబర్, రాత్రి 9:50

"మచ్చలేనిది" అని పెట్టాను. మీరు రాసినప్పటి నుంచి దాన్ని మార్చాలా అని చాలాసార్లు అనుకున్నాను. మా ఫాదర్‌గారిని అడిగితే, మచ్చ నీళ్లది కాదు కదా, వేసినవాళ్లది, ఆ మాట ఉండనివ్వమ్మా అన్నారు. మీ వాగు సంగతి కూడా ఆ రోజు ప్రసంగంలో చెబుతారట, ఊరి పేరు లేకుండా. మీకు ఇష్టమైతేనే.

వాగు పక్కిల్లు · 28 సెప్టెంబర్, రాత్రి 10:05

చెప్పమనండి. ఊరి పేరుతోనే చెప్పమనండి. పేరు మీకు మెసేజ్‌లో పంపుతున్నాను.

గట్టుమీది చింత · 5 అక్టోబర్, మధ్యాహ్నం 2:20

నిన్న సాయంత్రం పండుగ అయింది. పిల్లలు చెప్పిన దాంట్లో కొంత ఇక్కడ పెడుతున్నాను. మీ అందరి చేతులూ ఉన్నాయి ఇందులో.

నీ సృష్టి అంతటితో కలిసి నీకు స్తోత్రం స్వామీ,
అందులోనూ మా పెద్దన్నగారు సూర్యుడితో కలిసి.
పగలంటే ఆయనే, ఆయన వల్లే మాకు వెలుగిస్తావు.
చందమామ వల్ల, చుక్కల వల్ల నీకు స్తోత్రం.
గాలన్న వల్ల, మబ్బు వల్ల, తెరిపి వల్ల నీకు స్తోత్రం.
నీళ్లక్క వల్ల నీకు స్తోత్రం,
ఆదుకునేది, అణకువైనది, వెలకట్టలేనిది, మచ్చలేనిది.
నిప్పన్న వల్ల నీకు స్తోత్రం,
రాత్రికి వెలుగిచ్చే అందగాడు, హుషారైనవాడు, దిట్టమైనవాడు.
మా అక్క, మా అమ్మ నేలతల్లి వల్ల నీకు స్తోత్రం,
మమ్మల్ని సాకేది, మమ్మల్ని ఏలేది,
పండ్లూ రంగురంగుల పూలూ గడ్డీ మొలిపించేది.

చావు చరణం మా ఉపదేశి గారి భార్య చెప్పింది. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగా ఆనదు. కాగితం అక్కర్లేదంది. "మా అక్క చావు వల్ల నీకు స్తోత్రం" అని నెమ్మదిగా చెప్పి కూర్చుంది. వద్దన్న తల్లులు ఇద్దరూ ముందు వరసలోనే ఉన్నారు, ఏమీ అనలేదు.

పాత మాస్టారు · 5 అక్టోబర్, సాయంత్రం 5:00

చదివి చాలాసేపు అలాగే కూర్చున్నానమ్మా. ఒక్కటే అడుగుతాను. నిప్పుకు మూలంలో నాలుగు విశేషణాలుండాలి. నీ దగ్గర మూడే ఉన్నాయి.

గట్టుమీది చింత · 5 అక్టోబర్, సాయంత్రం 5:40

"బలిష్ఠుడు" అని రాశాను మాస్టారూ, చిన్నవాళ్లకు నోరు తిరగలేదు. "బలమున్నవాడు" అని కలిపి వచ్చే ఆదివారం మళ్లీ చెప్పిస్తాను.